ఇంట్లో చేసిన ఇంక్యుబేటర్‌లో 24 గుడ్లకు 5 పిల్లలే ఎందుకు వచ్చాయి?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. థర్మాకోల్ పెట్టెలో రెండు 40 వాట్ల బల్బులు, వేడిని బట్టి వాటిని వెలిగించి ఆర్పే ఒక డిజిటల్ థర్మోస్టాట్ అమర్చారు, ఫ్యాను పెట్టలేదు. సెన్సర్‌ను మూతకు దగ్గరగా వేలాడదీసి 37.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచారు. రెండు వారాల పాటు పోగుచేసిన 24 గుడ్లను వేసి, రోజుకు రెండుసార్లు తిప్పారు. ఒక చిన్న గిన్నెలో నీళ్లు పెట్టి మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు అలాగే ఉంచారు. మొదటి పిల్ల 22వ రోజు రాత్రి, చివరిది 24వ రోజు బయటికి వచ్చాయి. మొత్తం 5 పిల్లలు దక్కాయి. మిగిలిన గుడ్లను పగలగొట్టి చూస్తే 6 గుడ్లలో ఏమీ లేదు, 4 గుడ్లలో పిండం మొదట్లోనే చనిపోయినప్పుడు మిగిలే రక్తపు వలయం కనిపించింది, 9 గుడ్లలో పిల్ల పూర్తిగా ఎదిగి చనిపోయి ఉంది. ఆ 9లో మూడు పెంకుకు రంధ్రం చేసి అక్కడే ఆగిపోయాయి. పెట్టెలో లోపమా, గుడ్లలో లోపమా అన్నది మీ ప్రశ్న.

పొదగని గుడ్లను పారవేయకుండా పగలగొట్టి లెక్క రాసుకున్నారు గనుకనే మీకు సూటిగా సమాధానం చెప్పగలుగుతున్నాను. ఆ లెక్క లేకపోతే ఎంత అనుభవం ఉన్నవారైనా ఊహించి చెప్పవలసిందే. నా అభిప్రాయంలో మీ పెట్టె బాగానే ఉంది. లోపం వేడిని కొలిచిన చోటులో ఉంది. గుడ్లు పాతబడటం, చివరి మూడు రోజుల్లో తేమ పోవడం ఆ తరువాతి కారణాలు.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం పిల్లలు ఆలస్యంగా రావడం. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. వేడి సరిపోయినప్పుడు 20వ రోజు సాయంత్రం నుంచి 21వ రోజు ముగిసేలోపు చాలా పిల్లలు బయటపడతాయి. వేడి కాస్త ఎక్కువైతే 19, 20 రోజులకే తొందరగా వస్తాయి, తక్కువైతే 22, 23 రోజులకు జరుగుతాయి. పాతబడిన గుడ్లు కూడా కొన్ని గంటలు ఆలస్యం చేస్తాయి కాని, మొదటి పిల్లే 22వ రోజు రాత్రికి రావడం, చివరిది 24 దాకా సాగడం కేవలం గుడ్ల వయసు వల్ల జరిగేది కాదు. మీ గుడ్లు మూడు వారాల పాటు కొద్ది చలిలోనే ఉన్నాయి.

థర్మోస్టాట్ 37.5 చూపిస్తుండగా చలి ఎలా అని మీరు అడగవచ్చు. ఆ 37.5 అన్న అంకె ఫ్యాను ఉన్న పెట్టెలకు చెప్పినది. ఫ్యాను తిరుగుతున్నప్పుడు గాలి అంతటా కలిసి, గుడ్డుకు పైనా కిందా ఒకే వేడి ఉంటుంది. ఫ్యాను లేని పెట్టెలో వేడి గాలి మూత దగ్గర చేరి, అడుగున చల్లని గాలి నిలుస్తుంది. ఒక చిన్న పెట్టెలోనే పైకీ కిందకీ రెండు మూడు డిగ్రీల తేడా రావడం నేను చాలాసార్లు కొలిచి చూశాను. అందుకే ఫ్యాను లేనప్పుడు సెన్సర్ కొనను గుడ్ల పైభాగం ఎత్తులో ఉంచి, అక్కడ 38.3 నుంచి 38.9 డిగ్రీలు ఉండేలా చూసుకోవాలని చెబుతారు. అప్పుడు గుడ్డు నడిమికి కావలసిన వేడి అందుతుంది. మీరు సెన్సర్‌ను మూత దగ్గర పెట్టి అక్కడ 37.5 ఉంచారంటే, గుడ్ల దగ్గర 36 చిల్లర మాత్రమే ఉండి ఉండాలి. పిండం ఆ వేడిలో వెంటనే చనిపోదు; నెమ్మదిగా, బలహీనంగా పెరుగుతుంది. చివరికి పెంకు పగలగొట్టే శక్తి చాలక లోపలే ఉండిపోతుంది. మీ 9 గుడ్లలో రంధ్రం కూడా చేయలేకపోయిన 6 పిల్లల సంగతి చాలావరకు ఇదే.

దీనికి నా మొదటి సలహా ఒక చిన్న ఫ్యాను అమర్చడం. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాను చాలు. దాని గాలి నేరుగా గుడ్ల మీదికి కొడితే ఆ వైపు గుడ్లు ఎండిపోతాయి కాబట్టి, బల్బుల వైపుకో గోడ వైపుకో తిప్పి, గాలి గోడను తాకి చుట్టూ తిరిగేలా బిగించాలి. అది థర్మోస్టాట్‌తో కలిసి ఆగిపోకుండా ఇరవై నాలుగు గంటలూ తిరుగుతూనే ఉండాలి. ఫ్యాను వచ్చిన తరువాత సెన్సర్‌ను గుడ్ల ఎత్తుకు దించి, 37.5 మీద ఉంచండి. థర్మోస్టాట్ ఎంత తేడాకు ఆగి మళ్లీ వెలిగించాలో నిర్ణయించే అమరిక ఒకటి ఉంటుంది. చాలా పరికరాలలో అది కొన్న రోజున 2 డిగ్రీల వద్ద ఉంటుంది. దానిని 0.3కు తగ్గించండి.

ఇక కొలిచే పరికరం నమ్మదగినదా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. చవకగా దొరికే థర్మోస్టాట్లు, తేమమాపకాలు ఒక డిగ్రీ అటూఇటూ, పది శాతం అటూఇటూ చూపించడం మామూలు విషయం. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉంటే అదే మీకు ప్రమాణం, ఎందుకంటే అది సరిగ్గా మనకు కావలసిన పరిధిలోనే పదోవంతు డిగ్రీ వరకు ఖచ్చితంగా ఉండేలా తయారైన పరికరం. ఒక పెద్ద గ్లాసులో 38 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పోసి, థర్మోస్టాట్ సెన్సర్ కొనను, జ్వరం థర్మామీటర్ కొనను పక్కపక్కన ముంచి, నీటిని కలుపుతూ రెండింటినీ చదవండి. తేడా ఎంత ఉందో కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించండి. తేమమాపకానికి కూడా ఇలాంటి పరీక్ష ఉంది. ఒక చిన్న మూతలో ఉప్పు వేసి, అది కరిగిపోకుండా ముద్దగా మారేటంత నీళ్లు మాత్రమే కలిపి, తేమమాపకంతో పాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు వదిలేయండి. ఆ డబ్బాలోని గాలిలో 75 శాతం తేమ ఉంటుంది. మీ మాపకం 68 చూపిస్తే అది 7 శాతం తక్కువ చూపుతోందని అర్థం.

ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు పైబడిన కాలం నుంచీ మట్టి ఇటుకలతో కట్టిన వెచ్చని గదులలో వేలాది గుడ్లను ఒకేసారి పొదిగించేవారు. అక్కడి పనివారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చాలునో లేదో పసిగట్టేవారు. నాకు ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా గౌరవం కలుగుతుంది. తరతరాలుగా వచ్చిన ఆ స్పర్శ మనకు లేదు గనుక మన కొలతే మనకు కనురెప్ప కావాలి.

పెట్టె విషయంలో మార్చవలసినవి మరికొన్ని ఉన్నాయి. 24 గుడ్ల పెట్టెకు మీ రెండు 40 వాట్ల బల్బులు అవసరానికి మించినవి. రెండు 25 వాట్ల బల్బులు చాలు. రెండూ ఉంచుకోవడమే మేలు, ఎందుకంటే ఒకటి మాడిపోతే రెండోది పూర్తిగా చల్లబడకుండా కాపాడుతుంది. ఇవి పాతరకం తీగ బల్బులే కావాలి. ఎల్ఈడీ బల్బుల నుంచి పొదగడానికి సరిపడే వేడి రాదు. థర్మాకోల్ వేడికి మెత్తబడి కరుగుతుంది, నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది. కాబట్టి పింగాణీ హోల్డర్ వాడి, బల్బుకూ గోడకూ మధ్య కనీసం పది సెంటీమీటర్ల ఎడం ఉంచి, బల్బు చుట్టూ రేకు డబ్బా ఒకటి రంధ్రాలు పొడిచి తొడగండి. ఆ డబ్బా వల్ల మరొక లాభం కూడా ఉంది: పుట్టిన పిల్లలు బల్బును తాకి కాలకుండా ఉంటాయి. వైర్ల అతుకులు పెట్టె లోపలి తేమలో ఉండకూడదు. పెట్టెను పరదాల దగ్గర, పరుపు మీద ఎప్పుడూ ఉంచవద్దు.

పెట్టె అడుగున ఖాళీగా ఉన్న మూలల్లో నీళ్లు నింపిన రెండు మూడు సీసాలు పెట్టండి. ఇది చూడటానికి చిన్న పని కాని, నా పెట్టెలలో దీనంత ఉపకారం చేసినది మరొకటి లేదు. వెచ్చబడిన నీరు వేడిని నిలుపుకొని ఉంటుంది. మూత తెరిచినా, కరెంటు పోయినా, వేడి ఒక్కసారిగా పడిపోదు, మళ్లీ వెలిగినప్పుడు ఒక్కసారిగా ఎగబాకదు. గాలి రంధ్రాలు కూడా మరువవద్దు. పెంకులో కంటికి కనిపించని వేల సూక్ష్మరంధ్రాల గుండా పిండం ఆక్సిజన్ తీసుకొని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మొదటి వారంలో దాని అవసరం కొద్దిపాటిదే కాని చివరి వారంలో బాగా పెరుగుతుంది. ఒక సెంటీమీటరు వెడల్పున అడుగు వైపు నాలుగు, పై వైపు నాలుగు రంధ్రాలు చేసి, మొదటి వారం సగం మూసి, ఆ తరువాత అన్నీ తెరిచి ఉంచండి. తేమ పోతుందని రంధ్రాలన్నీ మూసివేసేవారు ఉన్నారు. వారి గుడ్లలో కూడా పూర్తిగా ఎదిగి చనిపోయిన పిల్లలే కనిపిస్తాయి.

పెట్టె సిద్ధమైన తరువాత గుడ్లు లేకుండా మూడు రోజులు పూర్తిగా నడపండి. పగటి వేడిలో, తెల్లవారుజామున చలిలో అంకె ఎంత మారుతోందో, నాలుగు మూలల్లోనూ నడుమా తేడా ఎంత ఉందో రాసుకోండి. ఒక మూల అర డిగ్రీ తక్కువ ఉంటే ఫ్యాను దిశను సరిదిద్దాలి. ఈ మూడు రోజుల ఓపిక లేక నేను ఒకప్పుడు 30 గుడ్లు పోగొట్టుకున్నాను. కొత్త థర్మోస్టాట్ బిగించిన రోజే గుడ్లు వేశాను. రెండో రాత్రి దాని లోపల కరెంటును కలిపి విడదీసే రిలే అతుక్కుపోయి బల్బులు ఆరకుండా వెలుగుతూనే ఉన్నాయి. తెల్లవారి చూస్తే పెట్టెలో 44 డిగ్రీలు. ఒక్క గుడ్డు కూడా బతకలేదు. అప్పటి నుంచి నా పెట్టెలలో 39 డిగ్రీల వద్ద కరెంటును కోసివేసే రెండో థర్మోస్టాట్‌ను మొదటిదానితో వరుసలో కలిపి ఉంచుతున్నాను. మీరు కూడా అలాగే చేయాలని గట్టిగా చెబుతాను. చలి పిండాన్ని ఆలస్యం చేస్తుంది కాని, 40 దాటిన వేడి కొద్ది గంటల్లోనే చంపుతుంది. కరెంటు పోయి పెట్టె రెండు మూడు గంటలు చల్లబడితే కంగారు పడవలసిన పనిలేదు. పొదిగే పెట్ట కూడా మేతకు, నీటికి లేచి వెళుతుంది. గాలి రంధ్రాలు వదిలి మిగిలిన భాగాన్ని దుప్పటితో కప్పితే సరిపోతుంది. ఎంతసేపు పోయినా గుడ్లను వెంటనే పారవేయకండి; నాలుగు రోజుల తరువాత వెలుతురులో చూసి నిర్ణయించండి.

గుడ్ల సంగతికి వస్తాను. ఏమీ కనిపించని మీ 6 గుడ్లలో కొన్ని పుంజు కలవనివి కావచ్చు, కొన్ని మొదటి రోజే ఆగిపోయినవి కావచ్చు. పొదిగించిన గుడ్డును మూడు వారాల తరువాత పగలగొట్టి ఈ రెంటినీ విడదీయడం కష్టం. పుంజు ఒకటికి ఎనిమిది, పది పెట్టలు ఉంటే మంచి ఫలితం ఉంటుంది. పుంజు లేకుండా పెంచే ఫారం పెట్టల గుడ్లు తినడానికి మాత్రమే, ఎన్ని రోజులు పొదిగించినా వాటిలో పిల్ల తయారు కాదు. రెండు వారాలు పోగుచేసిన గుడ్లు అన్నారు, అదే నాకు ఎక్కువ అనుమానం కలిగించింది. పెట్టినప్పటి నుంచి ఏడు రోజులలోపు గుడ్లకు పొదిగే శక్తి బాగా ఉంటుంది, ఆ తరువాత రోజురోజుకూ తగ్గుతుంది. రక్తపు వలయం కనిపించిన 4 గుడ్లలో కొన్నింటికి కూడా ఈ పాతదనమే కారణమై ఉండవచ్చు, ఎందుకంటే నిలవ గుడ్లలోని పిండం మొదలవుతుంది కాని మొదటి వారం దాటలేకపోతుంది.

నిలవ ఉంచేటప్పుడు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం అనువైనది. దాదాపు 20 డిగ్రీలకు పైన పిండం సగం సగంగా పెరగడం మొదలుపెట్టి నీరసిస్తుంది. ఫ్రిజ్‌లోని చలి మాత్రం ఎక్కువై దానికి హాని చేస్తుంది. ఇంట్లో చల్లగా, నీడగా ఉండే మూలలో, కొన వైపు కిందికి ఉండేలా అట్టలో నిలబెట్టి, రోజుకొకసారి అట్టను ఒక వైపు నుంచి మరో వైపుకు వాల్చండి. గుడ్లను కడగవద్దు. పెంకు మీద సన్నని సహజమైన పూత ఉంటుంది, అదే క్రిములను ఆపుతుంది. కడిగితే పూత పోయి, చల్లని నీరు క్రిములతో సహా రంధ్రాల గుండా లోపలికి చేరుతుంది. రెట్ట ఎక్కువగా అంటిన గుడ్డును, పగుళ్లున్న గుడ్డును, మరీ పెద్దదానిని, మరీ చిన్నదానిని మొదటే పక్కన పెట్టడం మేలు. వేసే ముందు గుడ్లను కొన్ని గంటలు గది వేడిలో ఉంచండి, లేకపోతే వెచ్చని పెట్టెలోకి వెళ్లగానే పెంకు మీద చెమట పట్టి, ఆ తడిలో క్రిములు పెరుగుతాయి.

గుడ్లు తిప్పడం గురించి మీరు రోజుకు రెండుసార్లు అన్నారు. కనీసం మూడుసార్లు, వీలైతే ఐదుసార్లు తిప్పండి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రి చాలా గంటలు గుడ్డు కదలకుండా ఉంటుంది; బేసిసార్లు తిప్పితే ఈ రాత్రి పైకి ఉన్న వైపు రేపు రాత్రి కిందికి వస్తుంది. రెండుసార్లు తిప్పితే ప్రతి రాత్రీ ఒకే వైపు పైన ఉంటుంది. పెన్సిల్‌తో ఒక వైపు గుణకారపు గుర్తు, రెండో వైపు సున్నా రాసుకుంటే పొరపాటు ఉండదు. తిప్పకపోతే పిండం, దాని పొరలు పెంకు లోపలి పొరకు అతుక్కుపోతాయి. ఆహారం అందించే రక్తనాళాలు కూడా పచ్చసొన చుట్టూ సరిగా వ్యాపించవు. మొదటి వారంలో ఈ పని అన్నిటికంటే అవసరం. ఎప్పుడూ గుండ్రటి వైపు కిందికి ఉండేలా నిలబెట్టకండి. గాలి గది, అంటే పెంకు లోపల గాలి నిండిన ఖాళీ, ఆ వైపు ఉంటుంది, పిల్ల తల దాని వైపుకే తిరగాలి. 18వ రోజు నుంచి తిప్పడం పూర్తిగా ఆపివేయాలి.

తేమ అన్నది చాలామంది ఒక అంకెగా గుర్తుపెట్టుకుంటారు, నేను దానిని బరువుగా చూడమంటాను. గుడ్డులోని నీరు కొద్దికొద్దిగా ఆవిరై, ఆ ఖాళీలో గాలి గది పెరగాలి. 18వ రోజుకు గుడ్డు మొదటి బరువులో 12 నుంచి 13 శాతం తగ్గితే పిల్లకు ఊపిరి తీసుకోవడానికి చాలినంత గాలి, తిరగడానికి చాలినంత చోటు ఉంటాయి. వంటింటి డిజిటల్ త్రాసు దీనికి చాలు. ఉదాహరణకు 20 గుడ్ల బరువు మొదటి రోజు 1100 గ్రాములుంటే, 7వ రోజుకు సుమారు 50 నుంచి 56 గ్రాములు తగ్గాలి, 18వ రోజుకు 130 నుంచి 145 గ్రాముల మధ్య తగ్గాలి. తక్కువ తగ్గితే తేమ ఎక్కువైందని, నీటి గిన్నెను చిన్నది చేయాలని. ఎక్కువ తగ్గితే దానిని పెద్దది చేయాలని తెలుసుకోవాలి. తేమమాపకం మీద మొదటి 18 రోజులకు 50 శాతం అటూఇటూ ఉంచి మొదలుపెట్టి, తరువాత త్రాసు చెప్పిన దారిలో నడవండి. ఇక్కడ గుర్తుంచుకోవలసినది, తేమను నిర్ణయించేది నీటి లోతు కాదు, గాలికి తెరుచుకొని ఉన్న నీటి వెడల్పు. లోతైన చిన్న గిన్నె కంటే పలుచని వెడల్పాటి పళ్లెం ఎక్కువ తేమనిస్తుంది. మీరు 21 రోజులూ ఒకే చిన్న గిన్నె ఉంచడం మొదటి 18 రోజులకు బహుశా సరిపోయి ఉంటుంది. చివరి మూడు రోజులకు మాత్రం ఏమాత్రం చాలలేదు.

7వ రోజు రాత్రి చీకటి గదిలో, టార్చి ముందు అట్టముక్కకు రంధ్రం చేసి, గుండ్రటి వైపు ఆనించి చూడండి. బతికిన గుడ్డులో సాలెపురుగు కాళ్లు చాచినట్లు రక్తనాళాలు, నడుమ కదిలే నల్లని చుక్క కనిపిస్తాయి. మొదటిసారి ఆ కదలిక చూసినవారు టార్చి ఆర్పడం మరిచిపోతారు. నాళాలు లేకుండా ఒక ఎర్రని ఉంగరం మాత్రమే ఉంటే పిండం చనిపోయింది. ఏమీ లేకుండా వెలుతురు సాఫీగా పారితే అది ఖాళీ గుడ్డు. ముదురు గోధుమరంగు పెంకులలో 7వ రోజు స్పష్టంగా తెలియకపోతే 10వ రోజు మళ్లీ చూడండి, అనుమానం మీద తీసివేయవద్దు. దుర్వాసన వచ్చే గుడ్డును, పెంకు మీద తేనెరంగు తడి ఊరే గుడ్డును మాత్రం వెంటనే మెల్లగా బయటికి తీయాలి; మురిగి పగిలితే మిగిలిన గుడ్లన్నిటికీ క్రిములు పడతాయి. 14వ రోజు ఇంకొకసారి చూస్తే చాలు.

ఇప్పుడు రంధ్రం చేసి ఆగిపోయిన ఆ మూడు పిల్లల గురించి. 20వ రోజు నుంచి గంటకొకసారి మూత తీసి చూశానని రాశారు. ఆ ఆత్రుత నాకు తెలియనిది కాదు. కాని పిల్ల పెంకుకు మొదటి రంధ్రం చేసిన తరువాత లోపలి పొర తడిగా, మెత్తగా ఉంటేనే అది గుండ్రంగా తిరుగుతూ పెంకును కోసుకోగలుగుతుంది. మూత తీసిన ప్రతిసారీ పెట్టెలోని తేమంతా క్షణాల్లో బయటికి పోతుంది, పొర ఎండి తోలులా పిల్లను చుట్టేస్తుంది. అది ఇక తిరగలేదు. మీరు చూసిన ఆ మూడింటిలో పొర తెల్లగా గట్టిపడి ఈకలకు అతుక్కొని ఉంటే ఇదే జరిగిందని నిశ్చయించుకోవచ్చు. కాబట్టి 18వ రోజున చేయవలసినవన్నీ ఒకేసారి చేసేయండి: గుడ్లు తిప్పడం ఆపి, వాటి కింద జారని గరుకు గుడ్డనో ముడతలుగల అట్టనో పరిచి, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు, అందులో స్పంజి ఉంచి, తేమను 65 నుంచి 70 శాతానికి పెంచి, మూత వేసేయండి. మూతలో గాజు కిటికీ లేకపోతే ఇప్పుడే ఒకటి అమర్చుకోండి, ఎందుకంటే చూడకుండా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. నీళ్లు పోయడానికి ఒక సన్నని గొట్టం బయటి నుంచి పళ్లెంలోకి పెట్టుకుంటే మూత తీసే అవసరమే ఉండదు.

ఆ మూడు రోజుల్లో లోపల ఏమి జరుగుతుందో తెలిస్తే ఓపిక పట్టడం తేలికవుతుంది. 19, 20 రోజుల్లో మిగిలిన పచ్చసొన పిల్ల బొడ్డు గుండా కడుపులోకి చేరుతుంది. పిల్ల ముక్కుతో ముందు గాలి గది పొరను పొడిచి, మొదటిసారిగా ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. పెంకు పగలకముందే సన్నని కిచకిచలు వినిపించేది అప్పుడే. తరువాత పెంకుకు రంధ్రం చేస్తుంది. అక్కడి నుంచి బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టడం సహజం. కదలకుండా ఉన్నట్టు కనిపించే ఆ సమయంలో పిల్ల పొరల నాళాల్లోని రక్తాన్ని శరీరంలోకి తీసుకుంటూ ఉంటుంది. తొందరపడి పెంకు ఒలిస్తే ఆ నాళాలు తెగి రక్తం కారి పిల్ల చనిపోతుంది. సాయం చేయాలా అని మీరు ప్రత్యేకంగా అడిగారు. రంధ్రం చేసి 24 గంటలు దాటినా ముందుకు సాగక, పొర ఎండి గోధుమరంగుకు మారితే, అప్పుడు మాత్రమే గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో పొరను తడిపి, గాలి గది వైపు పెంకును కొద్దికొద్దిగా తీయండి. ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆపి, గుడ్డును పెట్టెలో ఉంచి కొన్ని గంటలు వదిలేయండి.

పుట్టిన పిల్లను తడిగా బయటికి తీయవద్దు, ఈకలు ఆరి గుబురుగా మారేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి. పచ్చసొన కడుపులో ఉంటుంది గనుక రెండు రోజుల వరకు మేత లేకపోయినా అది తట్టుకుంటుంది. మిగిలిన గుడ్ల కోసం మూత తీయకుండా ఉండటానికి ఈ గడువు సరిపోతుంది. తరువాత పిల్లలను ఉంచే చోట మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉండి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గాలి. పిల్లలు దీపం కింద గుంపుగా కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా పరుచుకొని తిరుగుతుంటే సరిపోయింది. నున్నని కాగితం పరిస్తే కాళ్లు పక్కలకు జారి వంకరపోతాయి, గరుకు గుడ్డ పరచండి. గుడ్లనూ పిల్లలనూ తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే. పొదుగు పూర్తయ్యాక పెట్టెను కడిగి, క్రిమినాశినితో తుడిచి, ఎండబెట్టి దాచండి.

తరువాతి విడతకు ఏడు రోజులలోపు పోగుచేసిన గుడ్లను మాత్రమే, అవీ 12 కంటే ఎక్కువ కాకుండా వేయండి. పుస్తకంలో రోజువారీ వేడి, 7, 14, 18 రోజుల బరువు రాస్తూ, మొదటి పిల్ల పూర్తిగా బయటికి వచ్చిన రోజును, గంటను తప్పకుండా నమోదు చేయండి. అది 21వ రోజు లోపల పడితే అమరికను ముట్టుకోవద్దు. పన్నెండు గంటలకు మించి ఆలస్యమైతే థర్మోస్టాట్‌ను 0.3 డిగ్రీలు పెంచి, అంత ముందే వస్తే 0.3 తగ్గించి, ఇంకేమీ మార్చకుండా ఆ తరువాతి గుడ్లు వేయండి.